పొడిగించిన అయిదేళ్ళు మొదలవకముందే ఆటగాణ్ణి ఎలా వదిలేస్తారు? ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల జీతాల లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకు వచ్చి రెండేళ్ళయింది. సోమవారం పొద్దున ఆఫీసులో మాటలన్నీ డల్లాస్ కౌబాయ్స్ జట్టు చుట్టూనే తిరుగుతుంటే మీరూ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ చూడడం మొదలుపెట్టారు. ఆట కొంత పట్టుబడింది గాని డబ్బు లెక్క పట్టుబడలేదు. డెన్వర్ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) రసెల్ విల్సన్ ఒప్పందాన్ని 24.5 కోట్ల డాలర్లకు అయిదేళ్ళు పొడిగించి, అందులో ఒక్క ఏడాది కూడా మొదలవకముందే అతన్ని ఎలా వదిలేసిందని అడిగారు. అన్ని జట్లకూ ఒకే జీతాల పరిమితి ఉన్నప్పుడు కొన్ని జట్లకు ఏటా పెద్ద ఆటగాళ్ళను తెచ్చుకునే డబ్బు ఎక్కడిదని, రక్షణ వరుసలో తార అయిన మైకా పార్సన్స్‌ను డల్లాస్ ఎందుకు వదులుకుందని కూడా అడిగారు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఎస్. చేస్తున్న మీ తమ్ముడు ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలన్నది చివరి ప్రశ్న.

నేను వృత్తిరీత్యా అకౌంటెంటును. ఆటగాళ్ళ తరఫున ఒప్పందాలు కుదిర్చే ఒక చిన్న ఏజెన్సీలో 11 ఏళ్ళు లెక్కలు చూశాను. బల్లకు ఒక వైపే కూర్చున్నవాణ్ణి కాబట్టి నా మాటల్లో ఆటగాళ్ళ పట్ల కొంత మొగ్గు కనిపించవచ్చు, దాన్ని తగ్గించుకుని చదవండి.

ముందు ఆ పరిమితి సంగతి. దాన్ని సాలరీ క్యాప్ అంటారు. లీగ్ మొత్తం ఆదాయంలో ఆటగాళ్ళకు దక్కవలసిన వాటాను యజమానులు, ఆటగాళ్ళ సంఘం కలిసి రాసుకున్న ఉమ్మడి ఒప్పందం నిర్ణయిస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2020లో కుదిరింది, 2030 సీజన్ దాకా నడుస్తుంది. ఆటగాళ్ళ వాటా 48 శాతానికి తగ్గకూడదు. అందులోంచి వైద్యం, పింఛను వంటి ప్రయోజనాల ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని 32 జట్లకు సమానంగా పంచితే వచ్చేదే ఒక్కో జట్టు క్యాప్. ఇది 1994లో మొదలైనప్పుడు 3.46 కోట్ల డాలర్లు. 2024లో 25.54 కోట్లకు, 2025లో 27.92 కోట్లకు చేరింది. కోవిడ్ వల్ల స్టేడియాలు ఖాళీగా ఉన్న ఏడాది తరువాత మాత్రం, 2021లో, 19.82 కోట్ల నుంచి 18.25 కోట్లకు పడిపోయింది. ఏటా పెరుగుతుందన్న ధీమాతో ముందే లెక్కలు వేసుకున్న జట్లు, లీగ్ సంవత్సరం మొదలయ్యే ఆ మార్చిలో, మంచి ఆటగాళ్ళను కూడా గుండె రాయి చేసుకుని వదులుకోవలసి వచ్చింది. బాస్కెట్‌బాల్‌లోలాగా జరిమానా కట్టి పరిమితి దాటే వెసులుబాటు ఇక్కడ లేదు. ఒక ఏడాది ఖర్చు చేయకుండా మిగుల్చుకున్నది మాత్రం తరువాతి ఏడాదికి కలుపుకోవచ్చు.

వినడానికి ఇది ఐపీఎల్ పర్సు లాంటిదే. 2025 సీజన్‌కు ఐపీఎల్ జట్లకు 120 కోట్ల రూపాయల పర్సు ఇచ్చారు, లక్నో రిషభ్ పంత్‌కు 27 కోట్లు పెడితే ఆ 27 కోట్లూ అక్కడికక్కడే పర్సులోంచి పోయాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాడి చేతికి వెళ్ళే సొమ్ముకూ, ఆ ఏడాది క్యాప్ పద్దులో పడే సొమ్ముకూ తేడా ఉంటుంది. మీ సందేహాలన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను.

ఒక ఊహాత్మక ఒప్పందం తీసుకుందాం. అయిదేళ్ళకు 10 కోట్ల డాలర్లు. అందులో సంతకం పెట్టినందుకు ఇచ్చే సైనింగ్ బోనస్ 4 కోట్లు. మిగిలిన 6 కోట్లు ఏటా జీతం: మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది 80 లక్షలు, మూడో ఏడాది 1.4 కోట్లు, తరువాత 1.7 కోట్లు, చివర 1.9 కోట్లు. ఆటగాడికి మొదటి ఏడాదే 4.2 కోట్లు ముడతాయి. కాని నిబంధన ప్రకారం సైనింగ్ బోనస్‌ను ఒప్పంద కాలం మీద, గరిష్ఠంగా అయిదేళ్ళ మీద, సమానంగా పరచి రాస్తారు. అంటే ఏటా 80 లక్షలు. కాబట్టి మొదటి ఏడాది క్యాప్ పద్దులో కనిపించేది 20 లక్షల జీతం, 80 లక్షల బోనస్ భాగం, మొత్తం ఒక కోటి. యంత్రం కొని దాని ఖరీదును ఏళ్ళ తరబడి తరుగుదలగా రాసే పద్ధతి ఎరిగినవారికి ఇందులో కొత్తేమీ లేదు. నాకు ఈ ఉద్యోగం దొరకడానికి కారణం కూడా ఆ పోలికే.

ఇప్పుడు రెండేళ్ళు గడిచాక ఆ ఆటగాడు తేలిపోయాడనుకోండి. అతన్ని తీసేస్తే భవిష్యత్తులో రాయవలసిన మూడు బోనస్ భాగాలు, అంటే 2.4 కోట్లు, ఒక్కసారిగా వచ్చి ఆ ఏడాది పద్దులో పడతాయి. దాన్నే డెడ్ మనీ అంటారు. చెల్లించేసిన సొమ్మే అది, ఆటగాడికి కొత్తగా ఏమీ ఇవ్వరు, పుస్తకంలో రాయకుండా మిగిలిన బాకీ బయటపడుతుందంతే. అతన్ని ఉంచుకుంటే మూడో ఏడాది పద్దు 2.2 కోట్లు, తీసేస్తే 2.4 కోట్లు. అందుకని ఏ జట్టూ అప్పుడు తీసేయదు. మూడేళ్ళ తరువాతైతే డెడ్ మనీ 1.6 కోట్లు, ఉంచుకుంటే 2.5 కోట్లు. అప్పుడు తీసేస్తే 90 లక్షలు మిగులుతాయి. కాబట్టి పత్రికలు అయిదేళ్ళకు 10 కోట్లని రాసిన ఈ ఒప్పందం నిజానికి మూడేళ్ళకు 6.4 కోట్ల ఒప్పందం. చివరి రెండేళ్ళు జట్టు ఇష్టం. ఏజెంట్లు పెద్ద అంకెను విలేకరులకు చెబుతారు, ఎందుకంటే తరువాతి కుర్రవాడు ఆ అంకె చూసే వాళ్ళ దగ్గరికి వస్తాడు. మా ఏజెన్సీ కూడా అదే చేసింది, దాచడం దేనికి.

గ్యారంటీలను కూడా ఇలాగే చూడాలి. పూర్తి గ్యారంటీ వేరు, గాయపడితేనే వర్తించే గ్యారంటీ వేరు. ఆటగాడు ఆ ఏడాది శారీరక పరీక్షలో నెగ్గలేకపోతేనే ఆ రెండోది అక్కరకు వస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి ఆట తగ్గిందని తీసేస్తే అందులో పైసా రాదు. చాలా ఒప్పందాల్లో ఫలానా మార్చి నెలలో లీగ్ సంవత్సరం మొదలైన మూడో రోజునో అయిదో రోజునో ఆటగాడు జట్టులో ఉంటే గాయం గ్యారంటీ పూర్తి గ్యారంటీగా మారుతుందన్న వాక్యం ఉంటుంది. నేను ఒప్పందం చదివేటప్పుడు మొత్తాల కన్నా ముందు తేదీల కింద గీతలు గీసుకునేవాణ్ణి.

విల్సన్ కథ ఈ తేదీల కథే. 2022 మార్చిలో సియాటిల్ నుంచి అతన్ని తెచ్చుకోవడానికి డెన్వర్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) తనకున్న రెండు మొదటి రౌండు, రెండు రెండో రౌండు ఎంపికలతో పాటు ఆటగాళ్ళను కూడా ఇచ్చింది. అప్పటికి అతని పాత ఒప్పందంలో రెండేళ్ళు మిగిలి ఉన్నాయి. అయినా సీజన్ మొదలవకముందే 2024 నుంచి వర్తించే అయిదేళ్ళ పొడిగింపు ఇచ్చింది. ఆ ఒప్పందం ప్రకారం 2024 మార్చిలో ఒక తేదీ దాటితే 2025 జీతం 3.7 కోట్లు పూర్తి గ్యారంటీ అవుతాయి. గాయం గ్యారంటీ అప్పటికే ఉంది కాబట్టి, 2023 సీజన్ చివరి రెండు ఆటల్లో అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. మైదానంలో మోకాలు విరిగితే 3.7 కోట్లు మెడకు చుట్టుకుంటాయి మరి. మార్చిలో వదిలేశారు. పుస్తకంలో మిగిలిన బాకీ 8.5 కోట్ల డాలర్లు, అప్పటికి లీగ్ చరిత్రలోనే అతి పెద్ద డెడ్ మనీ. జూన్ 1 తరువాత వదిలేసినట్టు లెక్క రాసుకునే వెసులుబాటు ప్రతి జట్టుకూ ఏటా ఇద్దరు ఆటగాళ్ళ విషయంలో ఉంటుంది. దాన్ని వాడుకుని 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లుగా పంచుకున్నారు.

ఇందులో ఒక ముచ్చటైన పిట్టకథ ఉంది. 2024కు 3.9 కోట్ల జీతం అప్పటికే గ్యారంటీ కాబట్టి, ఆడినా ఆడకపోయినా డెన్వర్ ఇచ్చి తీరాలి. కాని వేరే జట్టు ఎంత ఇస్తే అంత డెన్వర్ బాకీలోంచి తగ్గుతుందన్న షరతు ఒప్పందంలో ఉంది. విల్సన్ పిట్స్‌బర్గ్‌లో అనుభవజ్ఞులకిచ్చే కనీస జీతం 12.1 లక్షలకే చేరాడు. ఎక్కువ అడిగితే లాభపడేది డెన్వరే, అతని చేతికి వచ్చే మొత్తం మారదు. తక్కువ అడిగితే పిట్స్‌బర్గ్ ఆ మిగులుతో అతని చుట్టూ మంచి ఆటగాళ్ళను పెట్టుకోగలదు. అలా ఒక జట్టు క్వార్టర్‌బ్యాక్ జీతాన్ని దాదాపు మొత్తం మరో జట్టు కట్టింది.

ఇక పరిమితి ఉన్నా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న రెండో ప్రశ్న. నా ఊహాత్మక ఆటగాడి మూడో ఏడాది జీతం 1.4 కోట్లు గుర్తుంది కదా. జట్టుకు ఆ మార్చిలో చోటు కావాలి. జీతాన్ని 15 లక్షలకు తగ్గించి, మిగిలిన 1.25 కోట్లను అప్పటికప్పుడు బోనస్‌గా ఇచ్చేస్తారు. ఒప్పందంలో మూడేళ్ళే మిగిలి ఉన్నాయి కాబట్టి చివర రెండు ఉత్తుత్తి సంవత్సరాలు తగిలించి, అయిదేళ్ళ మీద ఏటా 25 లక్షలుగా పరుస్తారు. క్యాప్ పద్దు 2.2 కోట్ల నుంచి 1.2 కోట్లకు దిగుతుంది. ఆటగాడికి ఒక్క డాలరు తగ్గలేదు, పైగా డిసెంబరు దాకా వాయిదాల్లో రావలసింది మార్చిలోనే వచ్చింది. అందుకే దీనికి ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పడం అరుదు, చాలా ఒప్పందాల్లో వాళ్ళను అడగనక్కరలేదని ముందే రాసి ఉంటుంది. అతను అయిదో ఏడాది తరువాత వెళ్ళిపోయినప్పుడు, ఆ ఉత్తుత్తి సంవత్సరాల 50 లక్షలు అతను లేని జట్టు పద్దులో పడతాయి. వీటినే వాయిడ్ ఇయర్స్ అంటారు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ రిటైరయ్యాక 2023లో టాంపా బే పద్దులో అతని పేరిట 3.51 కోట్లు పడ్డది ఇలాగే. డల్లాస్ 2025 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) సీడీ లాంబ్ ఇద్దరి ఒప్పందాలను ఇలా తిరగరాసి 5.66 కోట్ల చోటు తెచ్చుకుంది.

అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్ళు దీన్ని కొట్టిపారేయడం నేను చాలాసార్లు విన్నాను. అంత తేలికగా తీసేయలేం. 2020 క్యాప్‌లో ఒక కోటి డాలర్లంటే అయిదు శాతం, 2025 క్యాప్‌లో అదే కోటి 3.6 శాతం. వడ్డీ లేని అప్పు, తీర్చేనాటికి దాని బరువు తగ్గే అప్పు. ఫిలడెల్ఫియా జట్టు దాదాపు ప్రతి పెద్ద ఒప్పందాన్నీ ఇలా ముందుకు తోస్తూనే 2025 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. తోసిన సొమ్ము ఎవరి పేరున ఉందన్నదే చూసుకోవాలి. ఇరవయ్యేడేళ్ళ లైన్‌మన్ పేరున తోస్తే అతను ఇంకా ఆడుతుండగానే తీరుతుంది, ముప్ఫయ్యారేళ్ళ క్వార్టర్‌బ్యాక్ పేరున తోస్తే తీర్చేనాటికి అతను టీవీలో వ్యాఖ్యాతగా ఉంటాడు. టోనీ రోమో విషయంలో డల్లాస్‌కు అచ్చంగా అదే జరిగింది. 2017లో అతను ఆట మానేసి సీబీఎస్‌లో వ్యాఖ్యానానికి వెళ్తే, ఆ ఏడాదీ తరువాతి ఏడాదీ కలిపి 1.96 కోట్లు జట్టు మోసింది.

ఆ భారం డల్లాస్‌ను కుంగదీయకపోవడానికి కారణం ఒక్కటే. రోమో స్థానంలో ఆడుతున్న ప్రెస్కాట్ 2016 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో, 135వ ఎంపికగా దొరికాడు. నాలుగేళ్ళకు కలిపి అతని ఒప్పందం 27 లక్షల డాలర్ల చుట్టూ ఉంది. రోస్టర్ (జట్టు ఆటగాళ్ళ జాబితా) ఎలా కడతారని ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. ఒప్పందం ముగిసినవాళ్ళు కొత్త జట్లు వెతుక్కునే మార్చి నెల ఫ్రీ ఏజెన్సీ హడావిడి, ఒప్పందాల తిరగరాతలు, ఉత్తుత్తి సంవత్సరాలు అన్నీ ఖర్చు పెట్టే పద్ధతులు. ఆ ఖర్చుకు మిగులు పుట్టేది డ్రాఫ్ట్‌లో దొరికిన చౌక సంవత్సరాల్లోనే.

ఆ చౌకదనం నిబంధనల వల్ల వచ్చింది. 2010లో మొదటి ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఒక్క ఆట ఆడకముందే ఆరేళ్ళకు 7.8 కోట్లు, అందులో 5 కోట్లు గ్యారంటీగా దక్కాయి. అది చూసి సీనియర్లూ, యజమానులూ కూడా మండిపడ్డారు. 2011 ఉమ్మడి ఒప్పందంలో కొత్తవాళ్ళ జీతాలకు స్థాయిలు కట్టారు. ఆ ఏడాది మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కు వచ్చింది నాలుగేళ్ళకు 2.2 కోట్లే. ఎన్నో ఎంపికో తెలిస్తే జీతం దాదాపుగా తెలిసిపోతుంది. డ్రాఫ్టయినవాళ్ళందరికీ నాలుగేళ్ళు, మొదటి రౌండువాళ్ళకు అయిదో ఏడాదిని జట్టు తన ఇష్టం మీద కలుపుకోవచ్చు. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా ఎంత బాగా ఆడినా జీతం మార్చే వీలు లేదు.

ఈ చివరి నిబంధన ఎంత కఠినమో బ్రాక్ పర్డీని చూస్తే తెలుస్తుంది. 2022 డ్రాఫ్ట్‌లో 262 మందిలో చివరివాడు. 2023 సీజన్లో శాన్ ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్‌కు తీసుకువెళ్ళినప్పుడు అతని జీతం 8.7 లక్షల డాలర్లు, మరుసటి ఏడాది 9.85 లక్షలు. ఆ సమయంలోనే ఆ జట్టు రక్షణ ఆటగాడు నిక్ బోసాకు అయిదేళ్ళకు 17 కోట్ల పొడిగింపు ఇచ్చి, చుట్టూ ఖరీదైన ఆటగాళ్ళందరినీ నిలుపుకుంది. బయటివాళ్ళకు అది జట్టు యాజమాన్యపు చాతుర్యంలా కనిపించింది. నిజానికి క్వార్టర్‌బ్యాక్ పద్దులో మిగిలిన కోట్లే మిగతా వరుసల్లో కనిపించాయి. మూడు సీజన్లు ముగిశాక, 2025 మేలో పర్డీ అయిదేళ్ళకు 26.5 కోట్లకు సంతకం పెట్టాడు. దానికి ముందే, అదే మార్చిలో, ఆ జట్టు పేరున్న ఆటగాళ్ళను ఒక్కొక్కరిగా వదులుకోవడం మొదలైంది.

డ్రాఫ్ట్ ఎంపికలకు డబ్బులాంటి విలువ ఉందని ముందుగా పట్టుకున్నది కూడా మీ ఊరి జట్టే. 1989లో జెర్రీ జోన్స్ జట్టును కొన్న ఏడాదే తార ఆటగాడు హెర్షల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి బోలెడు ఎంపికలు తెచ్చుకున్నారు. అప్పటి కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలోనే ప్రతి ఎంపికకూ పాయింట్లు కట్టిన పట్టిక తయారైంది. అందులో మొదటి ఎంపిక విలువ 3,000 పాయింట్లు. ఆ తరువాత 1990లలో డల్లాస్ మూడు సూపర్ బౌల్‌లు గెలిచింది. పట్టికను సవరించుకుంటూ అన్ని జట్లూ ఈనాటికీ అలాంటిదే వాడుతున్నాయి.

తారల సంగతి పత్రికల్లో దొరుకుతుంది, నా 11 ఏళ్ళలో ఎక్కువ కాలం గడిచింది మాత్రం పేరు లేని కుర్రవాళ్ళతో. ఏడు రౌండ్లు ముగిసిన శనివారం సాయంత్రం, ఎవరూ ఎంచుకోని ఆటగాళ్ళ ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఒకసారి మా దగ్గర ఒక కార్నర్‌బ్యాక్ (ఎదుటి రిసీవర్లను కాపు కాసే రక్షణ ఆటగాడు) ఉండేవాడు. ఒక జట్టు 20,000 డాలర్ల బోనస్ ఇస్తానంది, ఇంకొకటి 5,000. ఇంట్లో వాళ్ళ అమ్మ వంటగదిలో ఫోను స్పీకర్లో పెట్టి నిలబడి ఉంది, ఆమెకు 20,000 అంటే ఆరు నెలల అద్దె. నేను ఆ రెండు జట్ల జాబితాలూ తెరిచి చూశాను. ఎక్కువ ఇస్తామన్నవాళ్ళ దగ్గర ఆ స్థానంలో అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు, అందులో ఇద్దరు ఆనాడే డ్రాఫ్టయినవాళ్ళు. తక్కువ ఇస్తామన్నవాళ్ళ దగ్గర అయిదుగురే, వాళ్ళలో ఇద్దరికి అదే చివరి ఏడాది. 5,000 తీసుకోమన్నాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

వేసవిలో ఒక్కో జట్టులో 90 మంది ఉంటారు. ఆగస్టు చివరి వారంలో ఒక మంగళవారం నాటికి 53 మందికి కుదించాలి. అంటే ఆ రోజుకల్లా 32 జట్లలో దాదాపు 1,180 మంది ఉద్యోగాలు పోతాయి. నాలుగు సీజన్ల సర్వీసు లేనివాళ్ళు ముందు వేవర్స్ అనే జాబితాలోకి వెళ్తారు. మరుసటి రోజు మధ్యాహ్నం లోపు ఏ జట్టయినా కోరితే అదే ఒప్పందంతో అక్కడికి వెళ్ళాలి, ఎవరూ కోరకపోతే పాత జట్టే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తిరిగి తీసుకోవచ్చు. అందులో 16 మంది. తేడా ఎంతంటే, 2025లో కొత్తవాడు 53లో ఉంటే కనీస జీతం 8.4 లక్షలు, అంటే 18 వారాల సీజన్లో వారానికి సుమారు 46,600 డాలర్లు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో వారానికి 13,000. పనిలో తేడా లేదు, ఆదివారం ఆడరు, అంతే. ఆ స్క్వాడ్ నుంచి ఒక్కో ఆటకు ఇద్దరిని పైకి తెచ్చుకోవచ్చు, కాని ఒకే ఆటగాణ్ణి సీజన్లో మూడు సార్లకు మించి తేకూడదు, నాలుగోసారి కావాలంటే 53లో చోటివ్వాలి. ఇంకో జట్టు అతన్ని ఎత్తుకుపోవాలంటే తన 53లోనే పెట్టుకోవాలి, మూడు వారాల జీతం ఖాయం చేయాలి. మా కార్నర్‌బ్యాక్ ఆ మంగళవారం తొలగింపుకు గురయ్యాడు, బుధవారం ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చేరాడు, నవంబరులో ఇద్దరు సీనియర్లకు తొడ కండరాలు పట్టేసినప్పుడు మూడు ఆటలు ఆడి, నాలుగోదానికి 53లోకి వచ్చాడు. అవతలి జట్టులో ఆ తొమ్మిది మందిలో అయిదుగురిని మంగళవారానికి ముందే పంపేశారు.

53వ స్థానం ఎవరికన్న చర్చలో ప్రతిభ కన్నా బహుముఖత్వం నెగ్గుతుంది. ఆట రోజున మైదానంలోకి దిగగలిగేది 48 మందే, కాబట్టి ఐదో రిసీవర్, కిక్ అందుకుని పరుగెత్తే ఎదుటివాణ్ణి కూడా ఆపగలగాలి. కోచ్‌లు దీని మీద గంటలు గంటలు వాదించుకుంటారు.

బేరసారాల్లో జట్టు చేతిలో ఉన్న అతి బలమైన ఆయుధం ఫ్రాంచైజ్ ట్యాగ్. ఒప్పందం ముగిసిన ఒక ఆటగాణ్ణి ఏటా ఇలా ఒక్క ఏడాది పాటు బలవంతంగా నిలుపుకోవచ్చు. జీతం ఆ స్థానంలో మొదటి అయిదుగురి సగటు గాని, అతని పాత జీతానికి 120 శాతం గాని, ఏది ఎక్కువైతే అది. మూడోసారి వేస్తే 144 శాతం. ట్యాగ్‌ను చూసి భయపడని ఆటగాడు కర్క్ కజిన్స్. 2016లో వాషింగ్టన్ ట్యాగ్ వేసి 1.995 కోట్లు ఇచ్చింది, 2017లో మళ్ళీ వేసి 2.394 కోట్లు ఇచ్చింది, మూడోసారి వేస్తే 3.45 కోట్లు ఇవ్వవలసి వచ్చేది. జట్టు వెనక్కి తగ్గింది. 2018లో అతను మిన్నెసోటాకు వెళ్ళి మూడేళ్ళకు 8.4 కోట్లు, ప్రతి డాలరూ గ్యారంటీగా, తీసుకున్నాడు. ప్రెస్కాట్ కూడా అదే దారిలో నడిచాడు. 2020లో 3.14 కోట్ల ట్యాగ్ మీద ఆడుతూ అక్టోబరులో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అయినా 2021లో నాలుగేళ్ళకు 16 కోట్లు తెచ్చుకున్నాడు, ట్యాగ్ వేయకూడదని, తనను అడగకుండా వేరే జట్టుకు ఇవ్వకూడదని రాయించుకున్నాడు. ఆ రెండు వాక్యాల విలువ 2024 సెప్టెంబరులో తెలిసింది. మొదటి ఆట రోజున డల్లాస్ ఏటా 6 కోట్ల సగటుతో 24 కోట్లకు సంతకం పెట్టింది, ఎందుకంటే పెట్టకపోతే సీజన్ చివర అతను ఉచితంగా వెళ్ళిపోతాడు.

బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకు ఈ బలం లేదు. వాళ్ళ శరీరాలు చౌక సంవత్సరాల్లోనే అరిగిపోతాయి, బేరం ఆడే వయసుకు జట్లు మరో కుర్రవాణ్ణి తెచ్చుకుంటాయి. సేక్వాన్ బార్క్‌లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు ట్యాగ్‌కు లోబడే ఆడాడు. 2024లో ఫిలడెల్ఫియాకు మూడేళ్ళకు 3.775 కోట్లకు వెళ్ళి 2,005 గజాలు పరుగెత్తాడు. అలాంటి ఏడాదికి కూడా దక్కేది క్వార్టర్‌బ్యాక్ ఏడాది జీతంలో చిన్న ముక్కే.

ఇక పార్సన్స్. 2021లో 12వ ఎంపికగా వచ్చాడు కాబట్టి 2025 అతని అయిదో ఏడాది, జీతం 2.4 కోట్లు. కొత్త ఒప్పందం కుదరలేదు, సీజన్‌కు వారం ముందు, ఆగస్టు 28న అతన్ని గ్రీన్ బేకు ఇచ్చేసి, రక్షణ ఆటగాడు కెన్నీ క్లార్క్‌ను, రెండు మొదటి రౌండు ఎంపికలను తీసుకున్నారు. గ్రీన్ బే వెంటనే నాలుగేళ్ళకు 18.8 కోట్లు ఇచ్చింది. లెక్కగా చూస్తే డల్లాస్ చేసింది ఒక ఖరీదైన ఆటగాణ్ణి రెండు చౌక అయిదేళ్ళుగా మార్చుకోవడమే, ప్రెస్కాట్, లాంబ్‌లకు అంత ఇచ్చిన జట్టు మూడో పెద్ద పద్దును తప్పించుకోవాలనుకోవడంలో తర్కం ఉంది. కాని నా అభిప్రాయం వేరు. ఆ బేరాన్ని ఏడాది ముందే ముగించి ఉంటే, ధరలు పెరగకముందే తక్కువకు కుదిరేది. రక్షణ వరుసలోని ఇతర తారలు ఒక్కొక్కరే కొత్త ఒప్పందాలు చేసుకుంటూ పోయిన కొద్దీ అతని ధర పెరిగింది. ఆలస్యానికి జట్టు కట్టే వడ్డీ అది, ఉత్తుత్తి సంవత్సరాలకు లేని వడ్డీ.

మీ తమ్ముడి విషయం. ఏజెంటు కావాలంటే ఆటగాళ్ళ సంఘం పరీక్ష నెగ్గాలి, దానికి సాధారణంగా పోస్ట్‌గ్రాడ్యుయేట్ పట్టా కావాలి, కాబట్టి అతని ఎం.ఎస్. అక్కరకు వస్తుంది. కమీషన్ ఒప్పందం మీద గరిష్ఠంగా మూడు శాతం, పెద్ద ఆటగాళ్ళ దగ్గర ఇంకా తక్కువ, కాబట్టి మొదటి కొన్నేళ్ళు ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు. జట్ల వైపు వెళ్ళాలంటే ఇంటర్న్‌షిప్పే దారి. రెండింటికీ చదవవలసిన పుస్తకం ఒకటే, 2020 ఉమ్మడి ఒప్పందం. నాలుగు వందల పేజీలకు పైగా ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీ నుంచి చదవవద్దని చెప్పండి, పదో పేజీకి వదిలేస్తాడు. 13వ ఆర్టికల్ క్యాప్ లెక్కలది, 7వది కొత్తవాళ్ళ జీతాలది, 10వది ట్యాగ్‌లది. 13వదానితో మొదలుపెట్టి, పైన నేను రాసిన 10 కోట్ల ఒప్పందాన్ని స్ప్రెడ్‌షీట్‌లో వేసి, ఆటగాణ్ణి ప్రతి మార్చిలోనూ ఒకసారి, జూన్ 1 తరువాత ఒకసారి తీసేసి చూడమనండి. తన అంకెలు నా అంకెలతో సరిపోని చోట నాకు రాయమనండి.